సూదంటురాయి తీర్పు

మా మామ లింగమూర్తి ఇనుమును నమ్మినంతగా మనిషిని నమ్మడు. ఈ మాట కోపంలో అంటున్నానని మీరు అనుకోవచ్చు. కోపంలోనే అంటున్నాను. అయినా అది నిజమే.

సూరత్ సలాబత్‌పురాలో ఒకే సేఠ్ దగ్గర ఆయన తన వయసంతా ధారపోశాడు. ముందు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు, తర్వాత చెడిపోయిన సాంచాలను బాగుచేసే మాస్టర్ అయ్యాడు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మా పద్మశాలీల్లో, లింగమూర్తి చెయ్యి పడితే మొండి మగ్గం కూడా మాట వింటుందని పేరు. ఆయన సాంచా పక్కన, పాత స్పీకర్‌లోంచి పీకిన గుండ్రటి సూదంటురాయి ఒకటి అతికి ఉండేది. కత్తెర, కొక్కెం, పోగు తెగితే మగ్గాన్ని ఆపే సన్నటి ఇనుప పిన్నులు, అన్నీ దానికే అంటుకుని వేలాడేవి. తుక్కు బజారుకు పిన్నులు కొనడానికి వెళ్లినా ఆ రాయి జేబులో ఉండాల్సిందే. అంటుకుంటే మంచి ఉక్కు, జారితే సత్తు రేకు. అమ్మేవాడు పిల్లల మీద ఒట్టేసినా వినడు. మనిషి అబద్ధం చెప్తడు, రాయి చెప్పదు అని నవ్వేవాడు.

సేఠ్ సాంచాలు మూసేసి రింగ్ రోడ్డులో చీరల దుకాణం పెట్టుకున్నప్పుడు, పనివాళ్లందరి ముందు తన చేతి గడియారం విప్పి మా మామ చేతికి పెట్టాడు. విదేశీ గడియారం. పెద్ద కంపెనీది. మేముండే నవాగామ్‌లో ఆ సంగతి తెలియని ఇల్లు లేదు, ఎందుకంటే మామ చెప్పకుండా వదిలిన ఇల్లు లేదు. నేను కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆ కథ వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ సేఠ్ కళ్లలో నీళ్లు కాస్త పెరిగేవి.

అంత ప్రేమ ఉన్నా ఆయన దాన్ని రోజూ పెట్టుకోడు. సాంచా దగ్గర చేతికి ఏదీ ఉండకూడదు, తిరిగే బెల్టుకు తగిలితే చెయ్యే పోతుంది. మార్కండేయ జయంతి ఊరేగింపుకూ పెళ్లిళ్లకూ మాత్రం బయటికి తీసేవాడు. మిగతా రోజుల్లో అది డబ్బాలో నిద్రపోయేది.

ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నరహరి, నాకు బావ. సాంచా మోత పడదని చిన్నప్పుడే వదిలేసి, ఫ్లైఓవర్ కింద బండి పెట్టుకుని కాపీ గడియారాలు అమ్ముతాడు. ఏ కంపెనీ పేరు అడిగితే ఆ పేరు రాసున్నది తీసిస్తాడు. చిన్నవాడు కమలాకర్, మా ఆయన. తండ్రి పని నేర్చుకుని మాస్టర్ అయ్యాడు. ఒక దసరా రోజు మామ భోజనాల దగ్గర అందరి ముందు అన్నాడు, సాంచా పట్టినోనికే సేఠ్ గడియారం అని. నేను మా బావ ముఖం చూశాను. నోట్లోని ముద్ద మింగడం మర్చిపోయాడు.

ఆ గడియారం గొలుసులో ఒక చిన్న పిన్ను వదులైంది. మామే దాన్ని మా ఆయన చేతికిచ్చి బజారులో వేయించుకు రమ్మన్నాడు. పొద్దున తీసుకెళ్లాడు, సాయంత్రానికి తెచ్చి ఇచ్చాడు. ఇంతే జరిగింది. ఆ తర్వాత మా బావ బార్డోలీలో స్నేహితుడి పెళ్లి ఉందని, ఒక్క పూట పెట్టుకుని ఇస్తానని తండ్రిని బతిమాలి అదే గడియారం తీసుకుపోయాడు.

తిరిగి తెచ్చేటప్పుడు ఒక్కడే రాలేదు. మా సంఘం పెద్ద రాజమల్లును వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

మామ ఇంటి ముందు గదిలో మా బావ మంచం మీద రెండు గడియారాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి సేఠ్‌ది, రెండోది తన బండి మీది కాపీ. చూడడానికి రెండిటి మీదా ఒకే పేరు. ఇక మొదలుపెట్టాడు. నా కాపీకి ఎంత మెరుపుందో చూడండి, దీనికి లేదు. నా కాపీకే వెనక అద్దం ఉంది, లోపల చక్రాలు తిరగడం కనిపిస్తుంది, దీనికి ఉత్త ఉక్కు మూత. కాపీకే ఇన్ని హంగులుంటే అసలుదానికి ఇంకెన్ని ఉండాలి? కాబట్టి ఇది అసలుది కాదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడ్డట్టు, నకిలీలు అమ్మీ అమ్మీ మా బావకు అసలుదే నకిలీగా కనబడింది. లేదా అలా కనబడాలని కోరుకున్నాడు. ఏదైతేనేం.

మామ ముఖం పాలిపోయింది. అది నకిలీ అయితే దానికి రెండే దారులు. సేఠ్ ఇచ్చిందే నకిలీ. లేదా మధ్యలో ఎవరో మార్చేశారు. ఆ రెండో దారి మా బావే చూపించాడు.

"సేఠ్ గిట్ల చేసేటోడు కాదు గద నాయినా" అన్నాడు మెల్లగా. "నీ చేతుల నుంచి బయటికి పోయింది ఒక్కసారే. ఎవలు తీస్కపోయిన్రో నీకే తెల్సు."

సేఠ్ పోయి కొంతకాలమైంది. పోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పడు. నేను మామనే చూస్తున్నాను. సేఠ్ మోసం చేశాడంటే ఆయన బతుకులో ఊరందరికీ చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప రోజు బూడిదవుతుంది. కొడుకు దొంగ అంటే ఆ రోజు చెక్కుచెదరదు. ఆయనకు ఏది తేలికో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఒళ్లు మండిపోయింది.

మా ఆయన ఒకటే మాట అన్నాడు. "పిన్ను ఏయించుకొచ్చిన నాయినా. అంతకంటె నేనేం జెయ్యలే."

మామ లేచి లోపలికెళ్లి సూదంటురాయి తెచ్చాడు. రాజమల్లు పెదనాయిన కూడా తల ఊపాడు, ఆయనా జన్మంతా సాంచాల మధ్య బతికినవాడే కదా. గదిలో ఉన్న ఏ మగాడికీ అందులో తప్పు కనబడలేదు. ముందు కాపీని దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది. లాగితే గానీ రాలేదు. తర్వాత సేఠ్ గడియారం. ముందు వైపు పెట్టాడు, వెనక్కి తిప్పి పెట్టాడు, గొలుసు పెట్టాడు, రుద్ది రుద్ది చూశాడు. కొద్దిగా గుంజినట్టు చేసి జారిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"రేకు" అన్నాడు మామ. రాయిని పక్కన పెట్టి, కొడుకు వైపు చూడకుండా గోడతో చెప్పాడు. "సేఠ్ చేతిది ఉక్కు. ఇది రేకు. ఎక్కడ అమ్ముకున్నడో అడగుండ్రి."

మా ఆయన పెద్దగా అరవలేదు, ఏడవలేదు. అరిచింది నేను. మీ పెద్ద కొడుకు అమ్మేవి నకిలీలు, మీ చిన్న కొడుకు ఎన్నడన్నా ఒక్క పిన్ను జేబులో వేసుకొచ్చాడా అని అడిగాను. కోడలు నోరు లేస్తోందని రాజమల్లు పెదనాయిన నన్ను బయటికి పొమ్మన్నాడు. మా బావ తల వంచుకుని కూర్చున్నాడు, పెళ్లికూతురిలాగా.

అది చాలలేదన్నట్టు, ఆ రాయి మీద రుద్దిన మర్నాటి నుంచి గడియారం ముందుకు పరుగెత్తడం మొదలుపెట్టింది. పొద్దున సరిచేస్తే మధ్యాహ్నానికే మామ ఇంటి గోడ గడియారాన్ని దాటిపోయేది. అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు. మా బావకు ఇంకేం కావాలి, నకిలీది కాబట్టే కుక్కలాగా ఉరుకుతోందని గల్లీ గల్లీ చెప్పాడు. మామ వచ్చి దాన్ని మా గుమ్మం ముందు పడేసి, నీ సొమ్ము నువ్వే ఉంచుకో అని వెళ్లిపోయాడు. కింద పడ్డా దాని అద్దం పగల్లేదు. చవకదైతే పగిలేది, అది కూడా ఎవరూ గమనించలేదు.

మా ఆయనకు సూరత్ పక్కనున్న సచిన్‌లో ఒక కొత్త కార్ఖానాలో మాస్టర్ పని ఖాయమైంది అప్పటికి. సామాన్ల గది తాళాలు కూడా ఆయన దగ్గరే ఉండే పని. ఇప్పించింది రాజమల్లు పెదనాయిన మాటే. ఇప్పుడు ఆ పెద్దమనిషి దొంగ చేతికి తాళాలు ఇప్పించలేనని తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ పని పోయింది. పని పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ నవాగామ్‌లో మా ఆయన నడిచి వెళ్తుంటే ఆడవాళ్లు మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. అది నేను భరించలేకపోయాను.

నేను పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. గుజరాతీలో గొడవ కూడా పెట్టుకోగలను. ఆ గడియారం సంచిలో వేసుకుని రింగ్ రోడ్డుకు వెళ్లి, సేఠ్ కొడుకును అడిగాను, మీ నాన్న ఇచ్చింది అసలుదేనా అని. ఆయన నవ్వి, మా నాన్న జన్మలో నకిలీ పెట్టుకోలేదు బెన్ అని, అక్కను పిలిచినట్టు చెప్పాడు. ఆ మాటతో నాకు భయం వేసింది. సేఠ్ ఇచ్చింది అసలుదే అని తేలిపోయింది కదా, ఇప్పుడు నా సంచిలో ఉన్నది నకిలీదైతే ఉచ్చు మా ఆయన మెడకే బిగుస్తుంది. బజారులో పిన్ను వేసినవాడే మార్చి ఉంటే? దాన్ని మా ఆయన నెత్తిన కాకుండా ఎవరి నెత్తిన రుద్దుతారు? అక్కడి నుంచే ఇంటికి తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. వెళ్లలేదు. మీ నాన్న దీన్ని ఎక్కడ బాగుచేయించేవాడని అడిగాను. చౌక్ బజార్ గల్లీలో గడియారాలు బాగుచేసే ఒక ముసలి కారీగర్ పేరు చెప్పాడు.

ఆ ముసలాయన నాకంటే కోపిష్టి. గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు, ముఖం చిట్లించాడు. బల్ల సొరుగులోంచి దిక్కులు చూపే చిన్న ముల్లు డబ్బా తీసి గడియారం పక్కన పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఇస్‌కో చుంబక్ కౌన్ లగాయా?"

దీనికి సూదంటురాయి పెట్టిందెవరని అడుగుతున్నాడు. మా మామ అన్నాను. ఆ మామకు బుద్ధి ఉందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పాల్సిన పని లేదు. గడియారం లోపల వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగు ఉంటుందట. దానికి సూదంటురాయి గుణం పట్టుకుంటే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, అప్పుడు గడియారం పిచ్చెత్తినట్టు ముందుకు ఉరుకుతుంది. ఇక బయటి ఉక్కు. మంచి గడియారాలకు వాడే ఉక్కు సాంచా ఉక్కు లాంటిది కాదు, అది రాయికి అంటుకోదు. టక్కున అంటుకునేవి చవక కాపీలే. అంటుకోకపోతే అసలుదేనని కూడా కాదు, రాయి దేనికీ సాక్ష్యం కాదు, విప్పి చూడాల్సిందే అన్నాడు. ఒక చిన్న పనిముట్టుతో వెనక మూత తిప్పి తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

తర్వాత ఆ మూత లోపలి వైపు నాకు చూపించాడు. అంచున, సూదితో గీసినట్టు చిన్న చిన్న గీతలు. బాగుచేసిన ప్రతిసారీ కారీగర్ తన గుర్తు లోపల గీసి పెడతాడట. ఇవి నా చేతి గీతలే, ఇది సేఠ్ గడియారమే, లోపల ఒక్క చక్రం కూడా మారలేదు అన్నాడు.

నేను ఆ దుకాణంలోనే కూర్చుని ఏడ్చాను. ఆయన నీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ రాయి గుణం తీసేస్తాను, క్షణం పని అన్నాడు. వద్దన్నాను. వాళ్లను తీసుకొస్తాను, వాళ్ల కళ్ల ముందే చెయ్యాలి అన్నాను. ఇదేం తమాషానా అని గొణిగాడు కానీ మూత బిగించి ఇచ్చాడు.

సంఘం మగవాళ్లు కూర్చున్న చోటికి నేను నేరుగా వెళ్లాను. చూడండి, రండి అన్నాను. అబద్ధమైతే మేము నవాగామ్ విడిచి వెళ్లిపోతామని కూడా అన్నాను, మా ఆయనను అడక్కుండానే. మా బావ లేచి, గడియారాల సంగతి ఆడదానికేం తెలుసని నవ్వాడు. మరి చూడడానికి భయమెందుకు బావా అన్నాను. ఆ మాట తర్వాత ఆయన రాకుండా ఉండలేకపోయాడు. రాజమల్లు పెదనాయిన వచ్చాడు, ఆ తీర్పుకు తల ఊపినవాడు కాబట్టి. మామ వచ్చాడు, జేబులో తన రాయితో. మా ఆయన రానన్నాడు. చెయ్యి పట్టి లాక్కెళ్లాను.

చౌక్ బజార్ ఆ గల్లీలో ఆ దుకాణం ఎంతంటే, మేము లోపల పడితే ముసలాయనకు గాలాడదు. మామ బల్ల మీద తన రాయి పెట్టాడు, సవాలుగా. కారీగర్ దాన్ని అసహ్యంగా గడియారానికి దూరంగా జరిపాడు. ముల్లు డబ్బా పెట్టి చూపించాడు. ముల్లు తిరిగింది. తర్వాత గడియారాన్ని ఒక చిన్న పెట్టె మీద పెట్టి, మీట నొక్కి మెల్లగా దూరంగా తీశాడు. మళ్లీ ముల్లు దగ్గర పెట్టాడు. ఈసారి ముల్లు కదల్లేదు. మూత తీసి లోపలి గీతలు చూపించాడు, పక్కనే కాగితం మీద అదే గుర్తు గీసి చూపించాడు. మా బావ చేతికున్న కాపీని కూడా అడిగి తీసుకుని విప్పాడు. ఆ గొప్ప అద్దం వెనక తిరుగుతున్న చక్రాలు ఉత్త అలంకారం, వాటికింద బొత్తాం లాంటి సెల్లు ఒకటి ఉంది. దాన్ని చూసి రాజమల్లు పెదనాయినకే నవ్వొచ్చింది.

మా బావ, ఇంటి మంచికోసమే అడిగిననని, తమ్ముడంటే తనకు ప్రాణమని ఏదో అన్నాడు. ఆ ప్రాణం ఇన్నాళ్లు ఎక్కడ పెట్టుకున్నవ్ బావా అని అడిగాను. రాజమల్లు పెదనాయిన సచిన్ కార్ఖానా వాళ్లతో మళ్లీ మాట్లాడతానని నాతో అన్నాడు, మా ఆయనతో కాదు. మా ఆయన ముఖం చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది.

నేను మామ కోసం ఎదురుచూస్తున్నాను. తప్పయింది బిడ్డా అంటాడని. ఒక్క మాట. అంతకంటే ఏమీ అడగాలనుకోలేదు.

మామ ఆ గడియారం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

"నా సేఠ్ మోసం జెయ్యలే" అన్నాడు. "నాకు తెల్సు. నా సేఠ్ అసుంటోడు కాదు."

అదీ ఆయన మొదటి మాట. కొడుకు పక్కనే ఉన్నాడు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. ఆ మాట విన్నాక మా ఆయన ముఖంలో ఇన్నాళ్లూ మిగిలి ఉన్న ఏదో ఆశ ఆరిపోవడం నేను చూశాను. చచ్చేదాకా మరిచిపోను.

కళ్లు తుడుచుకున్నాక మామకు మేము గుర్తొచ్చాం. సేఠ్ తనకు పెట్టినట్టే, అందరి ముందు కొడుకు చెయ్యి పట్టుకుని గడియారం పెట్టబోయాడు. ఇగ నీదేరా, నువ్వే పెట్టుకో అన్నాడు. అలా పెడితే అంతా సరిపోతుందనుకున్నాడు పాపం.

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది అసల్దని గీ కారీగర్ జెప్తె నమ్మినవ్ నాయినా" అన్నాడు. గొంతు పెంచలేదు. "నేను తియ్యలేదని నేను జెప్తె నమ్మలే."

మా ఆయన బల్ల మీదున్న సూదంటురాయిని తీసుకుని, తండ్రి రెండో అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచాడు.

"దీన్ని మాత్రం పారెయ్యకు. నీకింకో కొడుకున్నడు గద, పనికొస్తది."

అని మెట్లు దిగిపోయాడు. నేనూ వెనకే దిగాను. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో రాయి పట్టుకుని మామ మా వెనక దుకాణం బయటిదాకా వచ్చాడు. ఆ రెండిటినీ దగ్గర పెట్టొద్దని లోపలి నుంచి కారీగర్ అరుస్తూనే ఉన్నాడు. మేము నవాగామ్ ఆటో ఎక్కాం.